పాతాళం సినిమా, పటేలు బావి

పటేలు బావిలోకి కందిలి దించాను. ఏడో నిలువు దగ్గర ఆరిపోయింది. పైకి లాగి, వత్తి సరిచేసి, మళ్లీ దించాను. మళ్లీ అక్కడే ఆరింది. గాలికి ఆరే దీపం ఒకసారి ఊగి ఆరుతుంది. ఇది ఊగలేదు. ఎవరో చేత్తో మూసినట్టు ఆరింది.

"దిగం," అన్నాను.

"ఏడు నిలువులకే భయమైతే మీ నాయిన పది నిలువులు ఎట్ల తవ్విండు రా?" అన్నాడు గురులింగప్ప పటేలు.

ఆ బావి మా నాయన తవ్విందే. ఆయన తవ్వినప్పుడు అందులో చెరుకు ఆకు లేదు. తర్వాత పటేలు ఇంకో బావి తవ్వించుకొని దీన్ని విడిచిపెట్టాడు. ఆరేళ్లు చెరుకు ఆకు, కుళ్లిన అల్లం, చచ్చిన కోళ్లు అన్నీ ఇందులో పోయించి, పైన చెక్కలు కప్పించాడు. ఎనభై మూడు ఎండాకాలంలో కొత్త బావి అడుగంటింది. అప్పటికే మూడెకరాల్లో అల్లం నాటి ఉన్నాడు. మొలక కన్ను తెరిచే వేళకు తడి లేకపోతే అల్లం మట్టిలోనే వాడిపోతుంది. అప్పుడు గుర్తొచ్చింది పాత బావి. చెత్త తీసి, ఇంకో రెండు నిలువులు దించితే ఊట తగులుతుందని ఆశ.

"నాలుగు దినాలు కావాలె పటేలా," అన్నాను. "పొద్దున, మాపున బాయిల నీళ్లు గుమ్మరించాలె. యాపకొమ్మల మోపు మోకుకు కట్టి కిందికి మీదికి ఆడించాలె. కందిలి అడుగు దాక పోయి ఎలుగుకుంట ఒస్తే అప్పుడు దిగుతం."

పటేలు చుట్టూ ఉన్న కూలీల వైపు తిరిగాడు.

"విన్నరా? నీళ్ల కోసం బాయి తవ్వుమంటే, బాయిలనే నీళ్లు పొయ్యమంటడు! ఒక మొక్కకు పోస్తందుకే చెంబెడు లేవు నాకు."

కూలీలు నవ్వారు. కూలి ఇచ్చేవాడు నవ్వితే నవ్వాలి కదా. ఆ రోజు నుంచి నన్ను కందిలి గుండయ్య అనడం మొదలుపెట్టాడు. రెండు రోజుల్లో ఊరంతా అదే పేరు. నాకేం బాధ లేదు. నా తమ్ముడు ఎంకయ్యకు ఉంది. వాడికి ముప్ఫై దాటాయి, పెళ్లయి ఎనిమిదేళ్లయింది, అయినా ఎవరైనా నవ్వితే వాడి చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే.

మా ఇంట్లో బావి పనికి రెండు కట్టుబాట్లున్నాయి. ముందు దీపం దిగాలి, తర్వాత మనిషి. దిగిన మనిషి నోరు మూయకూడదు. పైనున్నవాడు "ఓ" అంటే కిందివాడు "ఓ" అనాలి. కిందివాడు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి, తిట్టినా సరే. రెండుసార్లు పిలిచి, పలకకపోతే మూడోసారి పిలవం. లాగుతాం. మా చిన్నాయన ఒకసారి పలకలేదు. పని మీద ఉన్నాడనుకున్నారు పైనవాళ్లు. నాకు అప్పుడు పదేళ్లు. ఆ పైనవాళ్లలో మా నాయన ఒకడు.

నేను మామూలుగా ఎక్కువ మాట్లాడేవాణ్ని కాను. బావి గట్టు మీద నిలబడితే మాత్రం ఆగకుండా మాట్లాడతాను.

*

పటేలు అల్లుడు మల్లికార్జున్. జహీరాబాద్‌లో సైన్స్ మాస్టరు. మంచివాడే. చొక్కా జేబులో రెండు కలాలు పెట్టుకుంటాడు, ఒకటి రాయదు. ఆయన హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర అడిగి ఒక సినిమా తెచ్చాడు, మిషిన్‌తో సహా. ఆదివారం మధ్యాహ్నం పటేలు అల్లం గోదాంలో ఆట. టికెట్ లేదు. బావులు తవ్వేవాళ్లు తప్పక రావాలని కబురు.

"మనకెందుకు?" అన్నాను.

"భూమి లోపలికి పోయేటోళ్ల కథనట అన్నా," అన్నాడు ఎంకయ్య. "మన పనే. పోయి చూద్దాం."

గోదాం కిటికీలకు గోనె సంచులు కట్టారు. గోడకు తెల్ల ధోతి. ముందు కుర్చీలు బజారు సేట్లకు, వెనక సంచులు మాకు. లోపల అల్లం ఘాటుకు కళ్లు మండుతున్నాయి. బయట బొంబాయి లారీ పోయినప్పుడల్లా రేకులు గలగలలాడుతున్నాయి. ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. పటేలు భార్య మహాదేవమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సొంత గోదాం వాసన ఆమె అంతకుముందు ఎప్పుడూ చూసినట్టు లేదు.

మాస్టరు లేచి ఉపన్యాసం ఇచ్చాడు.

"ఇది ఒక గొప్ప నవల. నూరేండ్ల కింద రాసిన్రు. చిన్నోళ్లు, పెద్దోళ్లు ప్రపంచమంత చదివిన్రు. దాన్ని అరవయ్యేండ్ల కింద సినిమా తీసిన్రు. సినిమా కొత్తగ పుట్టిన దినాలు. మాటలుండయి. మధ్య మధ్యల ఇంగ్లీషు అక్షరాలొస్తయి, నేను చదివి చెప్త. ఇందుల రాసినయి చానా తర్వాత నిజమైనయి. అది యాది పెట్టుకొని చూడుండ్రి."

మాటలు లేవు అనగానే వెనక ఎవడో, "మా ఇంటామె గిట్లుంటే ఎంత బాగుండు," అన్నాడు. పది మంది నవ్వారు. మిషిన్ కటకటమంటూ తిరగడం మొదలైంది.

బొమ్మ మీద వాన కురుస్తున్నట్టు గీతలు. మనుషులు వెనక కుక్క తరుముతున్నట్టు నడుస్తున్నారు. గడ్డం ప్రొఫెసరు ఒకడు. పాత గడియారం విప్పితే అందులో కాగితం దొరికింది. కాగితంలో పాతాళానికి దారి. గడియారంలో కాగితం ఎవడు పెట్టాడో, ఎందుకు పెట్టాడో చెప్పలేదు. ప్రొఫెసరు ఆనందానికి తన టోపీని తానే తన్నుకున్నాడు. ఆయన, ఆయన మేనకోడలు, మీసాల సిపాయి, లావుపాటి వంటవాడు కలిసి నలుగురూ ఒక కొండ మీదికి పోయారు. అక్కడ ఒక గుంత. గుంత మీద గిరక. గిరకకు ఇత్తడి గంగాళం. ముగ్గురు అందులో కూర్చున్నారు, సిపాయి మోకు పట్టుకొని నిలబడ్డాడు. గంగాళం దిగింది.

నేను చూస్తున్నాను. బావి పని చేసినవాడి చూపు ముందు మనిషి మీదికి పోదు, మోకు మీదికి పోతుంది. నలుగురు మనుషులు, అందులో ఒకడు ఇద్దరి బరువు. మోకు వదులుగా ఊగుతోంది. బరువు పడిన మోకు కర్రలా నిలుస్తుంది. ఇది బట్టలు ఆరేసుకునే తాడులా ఉంది.

"సారూ," అన్నాను.

ఎంకయ్య ఉలిక్కిపడి నా వైపు చూశాడు. సభలో నేను నోరు తెరవడం వాడు ఎన్నడూ చూడలేదు.

"ఏం గుండయ్యా?" అన్నాడు మాస్టరు.

"పైన ఎవలున్నరు?"

"ఎవరూ లేరు. అందరు లోపలికి పోయిన్రు కదా."

"మరి గిరక ఎవలు తిప్పుతున్నరు?"

గోదాం ఒక్కసారి పగలబడి నవ్వింది. సేట్లు కూడా నవ్వారు. మాస్టరు కాసేపు బొమ్మ వైపు చూశాడు. గిరక తనంతట తాను తిరుగుతోంది.

"అది... సినిమా కదా గుండయ్యా," అన్నాడు.

"నోరు మూసుకొని చూడు రా కందిలీ," అన్నాడు ముందు కుర్చీలోంచి పటేలు.

నోరు మూసుకున్నాను. బొమ్మలోని మనుషులు కూడా మూసుకున్నారు, ఇంకో విధంగా. పెదాలు ఆడుతున్నాయి, చేతులు ఊపుతున్నారు, మాట లేదు. నలుగురు అంత లోతుకు పోతున్నారు, ఒక్క కేక పైకి రాలేదు. నా చేయి ఊరికే సంచి అంచును బిగించి పట్టుకుంది. మా చిన్నాయన కూడా ఇట్లాగే పోయి ఉంటాడు. పెదాలు ఆడుతూనే ఉండి ఉంటాయి.

కింద ఉప్పుతో కట్టిన ఊరు వచ్చింది. అట్ట పెట్టెలకు సున్నం వేసినట్టు ఉంది. సిపాయి ఒక బండకు ఆనుకున్నాడు, బండ లోపలికి వంగింది. ఆ ఊరి రాజుకు రేకు కిరీటం. తర్వాత ఇంటంత జెర్రి వచ్చింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. నేను దాని కాళ్ల వైపు చూశాను.

"తమ్మీ, జెర్రి చెప్పులేసుకుంది," అన్నాను మెల్లగా.

ఎంకయ్య చూశాడు. బట్ట జెర్రి కింద వరసగా నల్ల బూట్లు. ఒకడి బూటు లేసు ఊడి నేల మీద ఈడ్చుకుంటోంది. ఎంకయ్య నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను ధైర్యపడ్డాను. అదే నా తప్పు. జెర్రిని చూసి నవ్వినవాడు మిగతావి నమ్మడనుకున్నాను.

నలుగురి రొమ్ముల మీద దీపాలు కట్టి ఉన్నాయి. మొదటి నుంచీ చివరిదాకా వెలుగుతూనే ఉన్నాయి. నీళ్లలో మునిగినా, పొగలో తిరిగినా.

"అగో!" అని లేచాడు పటేలు. ధోతి మీద సగం బొమ్మకు ఆయన తల నీడ పడింది. "అల్లుడూ, ఆ దీపాలేంటియి? ఒక్కటన్న ఆరుతలేదు!"

మాస్టరు మొహం వెలిగింది. "అవి కరెంటు దీపాలు మామా. బ్యాటరీ. మంట లేదు. గాలి అక్కర్లేకుంటనే ఎలుగుతయి! నూరేండ్ల కిందనే ఆ నవల రాసినాయన ఊహించిండు చూడుండ్రి."

"గాలి అక్కర్లేని దీపం!" పటేలు నా వైపు తిరిగి తొడ చరిచాడు. "విన్నవా రా? నువ్వు ఇంకా తాతల కాలం కందిలి పట్టుకొని తిరుగుతున్నవు."

"దీపానికి గాలి అక్కర్లేదు సారూ," అన్నాను. "మనిషికి?"

"పుస్తకంల రాసిండు గుండయ్యా. లోపలికి పోయినకొద్ది గాలి బాగుంటదని. చిన్న మనిషి కాదు రాసింది."

"ఆయన ఎన్ని బాయిలు తవ్విండు?"

మళ్లీ నవ్వులు. ఈసారి మాస్టరుకు కోపం వచ్చింది. మిషిన్ వైపు తిరిగి చూడసాగాడు. అప్పుడే బొమ్మలో పాతాళం అడుగు పగిలి నీళ్లు ఎగదన్నాయి. ఇత్తడి గంగాళాన్ని నలుగురితో సహా పైకి విసిరేశాయి. వాళ్లు ఎక్కడో ఒక చెరువులో తేలారు. గట్టు మీద గొడుగులు పట్టుకున్న మనుషులు టోపీలు ఎగరేశారు. నలుగురిలో ఒకరికి కూడా గీత పడలేదు. వంటవాడి పొట్ట కూడా తగ్గలేదు.

పటేలు ఇదేదీ చూడలేదు. నీళ్లు మాత్రం చూశాడు.

"లోపల గంగ ఎట్లున్నదో చూసిన్రా," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతో తానే. "కింద నిండ ఉన్నది. దిగేటోడు లేక మనకు దొరుకుతలేదు."

అరవై ఏళ్ల కింద ఎవరో తొట్టిలో పోసి తీసిన నీళ్లు అవి. ఆ నీళ్లు చూసి మూడెకరాల అల్లం తడుపుకున్నాడు పటేలు.

కిటికీల సంచులు తీయగానే ఎండ లోపలికి పడింది. అందరూ కళ్లు నులుముకుంటూ లేచారు. వాకిట్లో పటేలు ఎంకయ్య భుజం మీద చేయి వేశాడు. అంతకుముందు ఎన్నడూ వేయలేదు.

"ఆడపిల్ల, ఎంకా. బొమ్మల ఆడపిల్ల దిగింది. నువ్వు మొగోనివి. మీ అన్నకు కందిలి భయం పట్టుకుంది. నీగ్గూడ అంటిచ్చిండా?"

ఎంకయ్య చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను. చూసి, ఇంటికి పోదాం పద అన్నాను. దారి పొడుగునా వాడు నాకు పది అడుగులు ముందే నడిచాడు.

*

సోమవారం పొద్దున అరుగు మీద కూర్చొని మోకు పురి సరిచేస్తున్నాను. ఎంకయ్య భార్య బస్వమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతికి జొన్నపిండి అట్లాగే ఉంది.

"బావా! మీ తమ్ముడు పటేలు బాయిల దిగుతున్నడట. మూడు సెల్లుల బ్యాటరీ లైటు కొనిచ్చిన్రట ఆయనకు. నాకు చెప్పలే, పొద్దుగాల గొడ్లకు నీళ్లు పెట్టొస్తనని పోయిండు."

మోకు భుజాన వేసుకొని లేచాను. బస్వమ్మ నా వెనకాలే వచ్చింది. ఇంట్లో ఉండమన్నాను. వినలేదు.

మేము పోయేసరికి చెక్కలు తీసి ఉన్నాయి. గిరకకు పాత బొక్కెన తాడు వేలాడుతోంది. ఎంకయ్య ఒక కాలు బొక్కెనలో పెట్టి, చేతుల్తో తాడు పట్టుకొని నిలబడ్డాడు, బొమ్మలో సిపాయి నిలబడినట్టు. మెడలో కొత్త బ్యాటరీ, ఎర్ర రిబ్బనుతో. పటేలు, మాస్టరు, ఐదారుగురు అల్లం కూలీలు గట్టు చుట్టూ ఉన్నారు. మహాదేవమ్మ కొబ్బరికాయ పట్టుకొని ఉంది.

"దిగకు," అన్నాను.

"దీపం ఆరది అన్నా. నిన్న చూసినవు కదా."

"దీపం ఆరకుండ ఉండుడు కాదు మనకు కావాలె. ఆరాలె. ఆరితేనే కదా తెలుస్తది."

వాడికి అర్థమైంది. వాడు నా కంటే ఎక్కువ బావులు దిగాడు, అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? కానీ పటేలు వెనక నుంచి దగ్గాడు.

"ఏం రా ఎంకా, మీ అన్న ఒచ్చిండు, పాలు తాపుతడా?"

కూలీలు నవ్వారు. వాడు రెండో కాలు కూడా బొక్కెనలో పెట్టాడు.

"అన్నా, బజారుల మొకం చూపెట్టనిస్తలేరు," అన్నాడు నాకే వినపడేటట్టు. "ఒక్కసారి దిగి ఒస్త. అడుగు చూసి ఒస్త. అంతే."

ముప్ఫై ఏళ్ల మనిషిని కట్టేసి ఇంటికి తీసుకుపోలేను. నా మోకు తీసి వాడి చంకల కింద నుంచి రొమ్ముకు రెండు చుట్లు వేసి ముడి వేశాను. మా నాయన ముడి. బరువు పడినకొద్దీ బిగుస్తుంది, మనిషిని మాత్రం నలపదు. పటేలుకు నవ్వు ఆగలేదు.

"అల్లుడూ, సినిమాల ఎవ్వడన్న కట్టుకున్నడా?"

"లేదు మామా," అన్నాడు మాస్టరు. కొంచెం సిగ్గుపడ్డాడు, ఎందుకో.

"నోరు ముయ్యకు," అన్నాను ఎంకయ్యతో. "మాట ఆగిందా, లాగుత. అడుగు తాకినా తాకకున్నా."

"సరే."

దిగాడు. రెండు నిలువులు. మూడు.

"ఓ!" అన్నాను.

"ఓ! అన్నా, జెర్రి కనవడలే ఇంకా!"

గట్టు మీద అందరూ నవ్వారు. బస్వమ్మ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ.

"ఓ!"

"ఓ! వాసనొస్తుంది. పటేలు కోళ్లు."

ఐదో నిలువు. ఆరు. బ్యాటరీ వెలుగు బావి గోడ మీద తిరుగుతోంది. మొరం ఎర్రగా కనపడుతోంది. మా నాయన గడ్డపార దెబ్బలు కూడా కనపడుతున్నాయి.

"ఓ!"

"ఓ. రాజు... కిరీటం..."

మాట పూర్తి చేయలేదు. నేను గిరక ఆపించాను.

"ఓ!"

"ఓ," అన్నాడు. ఊపిరి ఎక్కువ, మాట తక్కువ.

"మీదికి రా ఇగ."

"జర..."

అంతే. తాడు కొద్దిగా ఊగింది. తర్వాత ఊగడం ఆగింది. వెలుగు గోడ మీద తిరగడం మానేసి ఒకేచోట నిలిచింది.

"ఓ!" అన్నాను.

లేదు.

"ఓ ఎంకా!"

పటేలు గట్టు మీద నుంచి తొంగి చూస్తున్నాడు. "ఎందుకు పరేషాన్ అయితవు? ఎలుగుతనే ఉన్నది కదా. చూడు, ఎంత మంచిగ ఎలుగుతుందో."

"లైటు కదలకుంట ఉన్నది," అన్నాడు మాస్టరు. "పని మొదలు పెట్టిండేమో. ఆగు గుండయ్యా, మధ్యల లాగితే..."

మూడోసారి పిలవలేదు. లాగాను.

మోకు కర్రలా నిలిచింది. మనిషి మొత్తం బరువు దాని మీదనే ఉంది. బస్వమ్మ నా వెనక పట్టుకుంది. పిండి చేతులు జారుతుంటే చీర కొంగు చుట్టుకొని పట్టుకుంది. "పట్టుండ్రి రా!" అని కూలీల మీద అరిచింది. వాళ్లు పటేలు మొహం చూశారు. అప్పుడు మహాదేవమ్మ కొబ్బరికాయ కింద పడేసి వచ్చి మోకు పట్టుకుంది. ఆమె పట్టుకున్నాక కూలీలు పట్టుకున్నారు. మాస్టరు చివరన పట్టుకున్నాడు. ఆయన లాగింది ఏం లేదు, కానీ పట్టుకున్నాడు.

పటేలు ఇంకా లోపలికే చూస్తున్నాడు. "బ్యాటరీ పడిపోతుంది, మెల్లగ!" అన్నాడు.

రిబ్బను తెగి అది పడిపోయింది. ఎంకయ్య పైకి వచ్చాడు. తల రొమ్ము మీదికి వాలి ఉంది, పెదాలు నేరేడు పండు రంగు. బొక్కెనలోంచి కాళ్లు ఎప్పుడో జారిపోయాయి. బొమ్మలో సిపాయిలా వట్టి చేతులతో తాడు పట్టుకొని పోయి ఉంటే ఇప్పుడు అడుగున ఉండేవాడు, పక్కనే మంచి వెలుగుతో.

బోర్లా వేసి వీపు మీద నొక్కాను. మా నాయన చెప్పిన పద్ధతి, ఆయన చాలా ఆలస్యంగా నేర్చుకున్నది. నొక్కుతూ మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. బస్వమ్మ తర్వాత చెప్పింది, నేను వాణ్ని బూతులు తిట్టానట, చిన్నప్పటి నుంచీ వాడు చేసినవన్నీ వరసపెట్టి. కొంతసేపటికి వాడు కక్కుకున్నాడు. తర్వాత ఊపిరి తీసుకున్నాడు. రోడ్డు మీద పోతున్న లారీని ఆపి దవాఖానకు తీసుకుపోయాం. లారీవాడు బొంబాయి పోయేవాడు, ఒక్క మాట అడగకుండా తిప్పాడు.

*

ఎంకయ్య రెండు రోజులు దవాఖానలో ఉన్నాడు. రెండో రోజు మాస్టరు వచ్చాడు, బిస్కెట్ పుడ తీసుకొని. మంచం పక్కన కూర్చొని చాలాసేపు జేబులోని కలాలు సర్దుకున్నాడు.

"ఆరో తరగతి పుస్తకంల ఉన్నది గుండయ్యా," అన్నాడు చివరికి. "దీపం మీద గ్లాసు బోర్లిస్తే ఎందుకు ఆరుతదో. నేనే చెప్త. ప్రతి సంవత్సరం చేసి చూపిస్త పిల్లలకు. కొవ్వొత్తి, గ్లాసు తీస్కపోయి."

నేను ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. ఎంకయ్య మాత్రం మంచం మీద నుంచి, "జెర్రి బూట్లు చూసిన్రా సారూ మీరు?" అన్నాడు. చూడలేదట. నాలుగుసార్లు చూశాడట సినిమా.

నేను దవాఖాన నుంచి వస్తుంటే పటేలు దారిలో నిలబెట్టాడు. తమ్ముడు ఎట్లున్నాడని అడిగాడు. బాగున్నాడన్నాను. కొంచెం సేపు అటూ ఇటూ చూసి, "బ్యాటరీ ఇంకా ఎలుగుతుంది బాయిల," అన్నాడు. "సన్నగైంది గని ఎలుగుతుంది. కొత్తది. ఎవలన్న దిగి తెస్తే..."

"సినిమావోళ్లకు కబురు చెయ్యుండ్రి," అన్నాను. "వాళ్లకు గాలి అక్కర్లేదు."

మరుసటి రోజు పొద్దున ఆయనే రెండు డ్రమ్ముల నీళ్లు ఎడ్లబండి మీద తెప్పించి బావి దగ్గర పెట్టించాడు. వేపకొమ్మలు కొట్టించాడు. నాలుగు రోజులు నీళ్లు గుమ్మరించాం, కొమ్మలు ఆడించాం. ఐదో రోజు కందిలి అడుగు దాకా పోయి వెలుగుతూ తిరిగి వచ్చింది. నేను దిగాను. బ్యాటరీ చెరుకు ఆకు మీద పడి ఉంది, ఆరిపోయి. పైకి తెచ్చి ఇచ్చాను. సెల్లులు మారిస్తే మళ్లీ వెలిగింది. మంచి బ్యాటరీయే. దాని తప్పేం లేదు.

ఊట తగిలింది, గంగాళాలు ఎగిరేంత కాదు. అప్పటికి అల్లం సగం పోయింది. మిగతా సగం తడిసింది. పటేలు ఇప్పటికీ నన్ను కందిలి గుండయ్య అనే అంటాడు. ఊళ్లోవాళ్లు మాత్రం ఆ మాటకు ఇప్పుడు నవ్వరు.

ఎంకయ్య ఆ వానాకాలం దాటాక మళ్లీ పనిలోకి వచ్చాడు. మొన్న ఝరాసంగం దగ్గర ఒక బావి పూడిక తీస్తున్నాం. కందిలి వెళ్లి వచ్చింది. మోకు కట్టాను. వాడు దిగడం మొదలుపెట్టగానే నోరు తెరిచాడు. సినిమా కథను గడియారంలో కాగితం దగ్గర ఎత్తుకున్నాడు. ప్రొఫెసరు ఏమన్నాడో, సిపాయి ఏం బదులిచ్చాడో, వంటవాడు మేనకోడలిని ఏమని తిట్టాడో అన్నీ చెప్తున్నాడు. ఆ బొమ్మలో ఒక్కరు మాట్లాడలేదు. వాడు అందరి గొంతులూ మార్చి మార్చి మాట్లాడుతున్నాడు, తిట్లతో సహా. ఇది పదోసారి. ప్రతిసారీ కథ కొంచెం పెరుగుతుంది.

రైతు నా పక్కన నిలబడి ఆశ్చర్యంగా చూశాడు. "ఏంది, కిందికి పోయి కథ చెప్తున్నడు?"

"ఉత్త బేకార్ సినిమా," అన్నాను. మోకు చేతిలో బిగువుగా ఉంది.

"ఓ!" అన్నాను.

"ఓ! అన్నా, ఇన్నవా, అప్పుడు జెర్రి ఏమన్నదంటే, ఓ ప్రొఫెసరూ, నా బూటు లేసు ఊడింది జర కట్టు..."

"చెప్పు," అన్నాను. "తర్వాత?"